ఆరొందల పద్నాలుగో మేకు

మా జర్మన్ బొగ్గు గనుల ఊరు గెల్జెన్‌కిర్ఖెన్‌లో పుట్టినవాడిని నిద్రలో లేపి అడిగినా సరే, ఏ ఏడు మా షాల్కె ఫుట్‌బాల్ జట్టు ఎవరి మీద ఎన్ని గోల్స్ కొట్టిందో తడుముకోకుండా చెబుతాడు. అదే పెళ్లాం పుట్టినరోజు ఎప్పుడని అడగండి, నీళ్లు నములుతాడు. మా నాన్న బ్రూనో ఈ విషయంలో అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. కానీ నేను చెప్పబోయే ఆదివారం నాటికి ఆయన ఒక ఆటను కళ్లతో చూసి పదహారేళ్లు దాటింది.

యుద్ధానికి ముందు గనిలో పైకప్పు కూలి ఆయన కుడికాలు మోకాలి కింద పోయింది. కర్రకాలు పెట్టించి, గనిలోకి దిగే మూడో బావి దగ్గర బిళ్లల కిటికీలో కూర్చోబెట్టారు. కిటికీ వెనక గోడకు ఎనిమిది వందల మేకులు. ఒక్కో మేకుకు నంబరు వేసిన ఒక్కో ఇత్తడి బిళ్ల. కిందికి దిగేవాడు తన బిళ్ల తీసుకోవాలి, పైకొచ్చాక తిరిగి ఇవ్వాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి భూమి లోపల ఉన్నట్టు, బిళ్ల వేలాడుతుంటే ఇంటికి పోయినట్టు. ప్రమాదం జరిగితే కింద ఎవరున్నారో చెప్పేది ఆ గోడ ఒక్కటే. "మనుషులు అబద్ధాలాడతారు గానీ నా గోడ ఆడదు" అనేవాడు నాన్న. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, గోడను ఆయనే కన్నట్టు ఉండేది.

అలాంటి మనిషి ఆదివారాలు ఆ గోడ చేత అబద్ధం ఆడించేవాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆరు రోజులు బొగ్గు తవ్వకం, ఆదివారం మరమ్మతులు. ఇరవై పాతిక మంది మధ్యాహ్నం దిగి విరిగిన దూలాలు మార్చి, కొత్త కలప నిలబెట్టి సాయంత్రానికి వచ్చేస్తారు. ఆటలూ ఆదివారం మధ్యాహ్నమే. నీలం చొక్కా వేసుకుని ఆడేవాళ్లలో సగం మంది మా వీధుల్లో పెరిగినవాళ్లే, వాళ్ల అన్నలూ బావలూ మాత్రం భూమి కింద. ఇది నాన్నకు సహించలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. కలప పని ఇద్దరిద్దరు చేస్తారు కదా, సొంతూళ్లో ఆట ఉన్న ఆదివారం ఒక జంటకు వంతు. ఒకడు కిటికీ దగ్గర రెండు బిళ్లలూ, రెండు దీపాలూ తీసుకుని దిగుతాడు. రెండోవాడు ఆటకు పోతాడు. పోయేవాడు బట్టలు మార్చుకునే హాల్లో, విడిచిన బట్టలు పైకి లాగి వేలాడదీసే తన గొలుసుకు ఒక పాత కోటు, పాత ప్యాంటు తగిలించి పైకప్పుకు లాగేసి పోతాడు. కింది నుంచి ఎవరు తలెత్తి చూసినా వీడు గని బట్టలేసుకుని దిగిపోయాడనే అనుకోవాలి.

దీనికి నాన్న అడిగే ప్రతిఫలం ఒక్కటే. వెళ్లినవాడు ఐదింటికల్లా కిటికీ దగ్గరికి వచ్చి ఆట మొత్తం చెప్పాలి. నాన్న పదకొండు బిళ్లలు బల్ల మీద పరిచేవాడు. "ఇదిగో, ఇక్కడి నుంచి ఇటు తన్నాడు" అంటూ వాడు ఒక్కో బిళ్లనూ జరపాలి. ఎక్కడైనా తప్పిస్తే నాన్న ఊరుకునేవాడు కాదు. "అప్పుడు ఎడమ పక్క కుర్రాడు ఏం చేస్తున్నాడ్రా, గాడిదలు కాస్తున్నాడా?" అని నిలదీసేవాడు.

"గోడ అబద్ధమాడదంటావు, మరి ఇదేంటి నాన్నా?" అని నేను ఎన్నోసార్లు పోట్లాడాను.

"ఆదివారం కదే. గోడకూ కాస్త విశ్రాంతి ఉండొద్దూ?" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు ముందు నా కోపం ఎప్పుడూ నిలబడలేదు. నిలబడి ఉంటే బాగుండేది.

పందొమ్మిది వందల యాభైల్లో ఒక నవంబరు ఆదివారం. షాల్కెకు బద్ధ శత్రువులైన డోర్ట్‌ముండ్ వాళ్లతో ఆట. వంతు ఎవాల్డ్ ప్రుసెక్, గుస్టావ్ నీడ్‌బాలా జంటది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఎవాల్డ్‌ది ఆరొందల పద్నాలుగు, గుస్టావ్‌ది ఆరొందల పదిహేను. ఆటకు పోయేది ఎవాల్డ్.

రెండింటికి నేను నాన్నకు క్యారియర్‌లో బఠాణీ చారు తీసుకెళ్లాను. రెండున్నరకు ఆట మొదలయ్యే వేళకు ఆయన చెంచా కింద పెట్టి, గోడ గడియారం చూసి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అది ఆయన అలవాటు. ఇంకో పది నిమిషాలకు సైరన్ మోగింది.

గని పక్కన కాపురముండేవాళ్లకు ఆ మోత ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఆయన హెల్ముట్ రక్షణ దళంలో మనిషి. ఆ ఆదివారం పిలుపు వస్తే దిగాల్సినవాళ్లలో ఆయనా ఉన్నాడు. చూస్తుండగానే వీధి చివరి నుంచి బూట్ల లేసులు కట్టుకోకుండానే పరిగెత్తుకొచ్చాడు. కిటికీలోంచి తన బిళ్ల అందుకుంటూ నన్ను చూసి, "చారు నాక్కూడా కాస్త ఉంచు" అన్నాడు. అంతే, దిగిపోయాడు.

పావుగంటలో మరమ్మతు వాళ్లంతా పైకొచ్చారు. ఒక్కొక్కరే బిళ్ల ఇస్తుంటే నాన్న మేకుకు తగిలించాడు. దిగిన రక్షణ దళం మేకులు కాక ఇంకో రెండు ఖాళీగా మిగిలాయి. ఫోర్‌మన్ రాడెమాఖర్ కిటికీలోకి తల పెట్టి గోడ చూశాడు.

"పద్నాలుగు, పదిహేను. ప్రుసెక్, నీడ్‌బాలా. ఇద్దరు" అని చెప్పి, ఫోనెత్తి కిందికి అదే మాట చెప్పాడు. "ఇద్దరున్నారు, ఇద్దర్నీ వెతకండి."

నేను నాన్న వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. రాడెమాఖర్ అటు తిరగ్గానే ఆయన దగ్గరికి వంగాను.

"నాన్నా, ఎవాల్డ్ ఆటకు పోయాడు కదా?"

"పోయాడు."

"మరి చెప్పవేం? నీ అల్లుడు లోపలున్నాడు. లేని మనిషి కోసం వెతుకుతారు."

"ఉండవే" అన్నాడు. "గేటు కాసే కాజిమిర్ ఇందాక చారు వాసనకి ఇటొచ్చాడే, అప్పుడేమన్నాడో విన్నావా? ఒంటిగంటకు పావుగంట ముందు ఎవాల్డ్‌ని గేటు దగ్గర చూశాడట. గని టోపీతో ఉన్నాడట. గుస్టావ్‌తో ఏదో వాదులాడుతున్నాడట."

"అయితే?"

"మనసు మార్చుకుని దిగిపోయాడేమో. బిళ్ల ఎలాగూ గుస్టావ్ దగ్గరే ఉంది. దిగితే నాకు తెలిసే దారి లేదు. లేడని నేను చెప్పి, వాళ్లు వెనక్కొచ్చేసి, వాడు లోపలుంటే?"

హాల్లోకి పరిగెత్తి ఎవాల్డ్ గొలుసు చూశాను. పైకప్పు కింద కోటూ ప్యాంటూ వేలాడుతున్నాయి. అవి దిగినవాడి బట్టలో, మోసం బట్టలో ఎవరు చెప్పగలరు? అంత పకడ్బందీగా చేసుకున్నారు తెలివైనవాళ్లు. అక్కడే నిలబడి మగజాతినంతా తిట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఫోన్ మోగింది. రాడెమాఖర్ విని, నెమ్మదిగా పెట్టేసి, టోపీ తీశాడు.

"నీడ్‌బాలా దొరికాడు. ప్రాణం లేదు" అన్నాడు. "ప్రుసెక్ అక్కడ లేడు. రాళ్ల వెనక్కి పాకి పోయి ఉంటాడని చూస్తున్నారు. పైకప్పు గొణుగుతోందట. హెల్ముట్ ముందు పాకుతున్నాడు."

గుస్టావ్‌కి ముప్పై ఒక్కేళ్లు. అతని భార్య క్లారా అప్పటికే గేటు దగ్గర ఆడవాళ్లలో నిలబడి ఉంది, ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. పైకప్పు గొణగడమంటే ఏమిటో నాన్నకు తెలుసు. ఆయన కాలు పోయిన రోజున కూడా ముందు అది గొణిగిందట.

నాన్న కుర్చీలోంచి లేచాడు.

"అయ్యా, ఒక మాట. పద్నాలుగు బిళ్ల నేను వాడి చేతికివ్వలేదు. రెండూ గుస్టావ్ చేతిలో పెట్టాను. ఎవాల్డ్ ఆటకు పోయాడు."

రాడెమాఖర్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహం కందగడ్డ అయింది.

"ఎప్పటి నుంచి నడుస్తోంది ఇది?"

"నాలుగేళ్లు."

"ఈ గోడను నమ్మి నేను మనుషుల్ని దింపుతున్నాను బ్రూనో. నాలుగేళ్లుగా?"

రాడెమాఖర్ ఫోన్ మీద చెయ్యి వేశాడు.

"సరే, లేడంటావు. ఖాయమా?"

ఆ ఒక్క మాటకు అవునని చెప్పి ఉంటే హెల్ముట్ ఐదు నిమిషాల్లో వెనక్కి తిరిగేవాడు. నాన్న నా వైపు చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన ఎవాల్డ్ లోపలుంటే ఉండనీ అనుకున్నాను.

"ఖాయం కాదయ్యా" అన్నాడు నాన్న. "గేటు దగ్గర చూశామంటున్నారు."

"అయితే వాళ్లు వెతకాల్సిందే. వాడు పైన కనబడేదాకా కింద ఉన్నట్టే" అన్నాడు రాడెమాఖర్. "నువ్వు ఆ ఫోన్ దగ్గర్నుంచి కదలకు. రేపటి సంగతి రేపు."

ఆట స్థలానికి ఫోన్ చేశాం. మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. ఎత్తాల్సినవాడు కూడా బయట నిలబడి ఆట చూస్తుంటాడు, ఇంకేం చేస్తాడు? కాజిమిర్ సైకిల్ గోడకు ఆనించి ఉంది. నడుముకున్న ఏప్రాన్ కూడా విప్పకుండా ఎక్కేశాను. ఇరవై నిమిషాల దారి. ఎంతసేపట్లో పోయానో నాకు తెలియదు. దారి పొడుగునా వీధుల్లో ఒక్క మనిషి లేడు, ఊరంతా అక్కడే ఉంది. వంతెన దాటాక ఆ జనం హోరు వినబడింది, నా మొగుడు రాళ్ల కింద పాకుతుంటే.

మైకూ ఫోనూ ఉన్న గదిలో, అంతసేపు మోగినా ఎత్తని లావుపాటాయన ఒకడు సాసేజ్ తింటూ కిటికీలోంచి ఆట చూస్తున్నాడు. నేను రొప్పుతూ విషయం చెప్పబోతే సగం కూడా వినలేదు.

"వారం వారం నలుగురు వస్తారమ్మా మొగుళ్లని వెతుక్కుంటూ. పేరు చెప్పు, పిలుస్తాను." మైకు అందుకుని, "ఎవాల్డ్ ప్రుసెక్, గని నుంచి పిలుపు. గేటు దగ్గరికి రావాలి" అన్నాడు.

జనం నిండిన ఉత్తరం వైపు గట్టు మీద నవ్వులు లేచాయి. ఎవడో ఈల వేశాడు. ఎవడూ రాలేదు.

ఎందుకు రాడో నాకు తెలుసు. గని నుంచి పిలుపంటే పని ఎగ్గొట్టినవాడిని పట్టుకోవడానికేనని ఆ గట్టు మీద అందరికీ తెలుసు. అలా పిలిస్తే పక్కవాళ్లు వాడి నెత్తిన ఇంకొకడి టోపీ పెడతారు, భుజాలు నొక్కి కూర్చోబెడతారు, చుట్టూ దడి కట్టేస్తారు. మా హెల్ముట్ ఎన్నిసార్లు అలా దడి కట్టి ఇంటికొచ్చి గొప్పలు చెప్పుకోలేదు కనక! స్నేహధర్మమట. ఆ ధర్మం ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకుంది.

"మైకు ఇటివ్వండి" అన్నాను.

"అది కుదరదమ్మా, రూల్స్..."

లాక్కున్నాను. ఆయన చేతిలో సాసేజ్ కింద పడింది, పడనీ.

"నేను బిళ్లల బ్రూనో కూతురు ఇర్మాని" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, మైదానమంతా తిరిగి వచ్చింది. "మూడో బావిలో పైకప్పు కూలింది. ఎవాల్డ్ ప్రుసెక్ లోపల ఉన్నాడనుకుని మన వాళ్లు పాకుతున్నారు. పైకప్పు గొణుగుతోంది. అందులో నా మొగుడున్నాడు. ఎవాల్డ్ ఇక్కడుంటే చెయ్యెత్తమనండి. మిమ్మల్ని ఎవరూ పట్టుకోవడానికి రాలేదు."

అంతమంది అంత నిశ్శబ్దంగా ఉండగలరని నేనెప్పుడూ అనుకోలేదు. బంతి గీత దాటి పోతే తెచ్చేవాడు లేడు. నీలం చొక్కా కుర్రాడొకడు నడుము మీద చేతులు పెట్టుకుని గట్టు వైపు చూస్తూ నిలబడిపోయాడు. నేను లెక్కపెట్టాను. పన్నెండు దాకా వచ్చాక ఒక చెయ్యి లేచింది. చేతిలో తనది కాని టోపీ ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు వాడిని ఎత్తి, తలల మీదుగా చేతులు మార్చుకుంటూ కమ్మీ దాకా దింపారు. ఎవాల్డే. ఆ కొంగ మెడ నాకు ఎంత దూరం నుంచైనా తెలుసు.

అదే గదిలో ఫోన్ ఎత్తాను. మొదటి మోతకే నాన్న అందుకున్నాడు.

"నాన్నా, ఉన్నాడు. చూశాను. నా కళ్లతో చూశాను."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, కర్రకాలు టకటకమని అటు పరిగెత్తిన చప్పుడు వినబడ్డాయి. తరవాత ఆయన గొంతు, కిందికి పోయే ఫోన్‌లో. "ఆరొందల పద్నాలుగు పైనే ఉన్నాడు. అందరూ వెనక్కి రండి. అందరూ వెనక్కి."

నేను ఫోన్ చెవికి అదుముకుని నిలబడ్డాను. నా వెనక ఆట మళ్లీ మొదలైంది. ఒకసారి మైదానం దద్దరిల్లింది, ఎవరో గోల్ కొట్టారు. నేను తిరిగి చూడలేదు. ఎవాల్డ్ గుమ్మంలోకి వచ్చి, "గుస్టావ్ ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. నేను చెప్పాను. వాడు అక్కడే నేల మీద చతికిలబడిపోయాడు.

చాలాసేపటికి ఫోన్‌లో నాన్న గొంతు వచ్చింది. "అల్లుడు బయటికొచ్చాడమ్మా. అందరూ వచ్చారు."

గొణిగిన ఆ పైకప్పు బుధవారం దాకా కూలలేదు. అంటే ఆ రోజు ఏమీ అయ్యేది కాదని, బ్రూనో అనవసరంగా నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నాడని అన్న మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్లతో నేను మాట్లాడను.

గుస్టావ్ జేబులో రెండు బిళ్లలూ దొరికాయి. రాడెమాఖర్ వాటిని తెచ్చి నాన్న ముందు పెట్టాడు. నాన్న పద్నాలుగును తుడిచి దాని మేకుకు తగిలించాడు. పదిహేనును క్లారాకు ఇవ్వమని నా చేతికిచ్చి, కోటు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కిటికీ వైపు పోలేదు. గనివాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశాడు. ఎవాల్డ్ గని మానేసి గాజు ఫ్యాక్టరీలో చేరాడు.

క్లారా ఆ బిళ్ల తీసుకుంది గానీ, నాన్న మూడుసార్లు వెళ్లినా తలుపు తియ్యలేదు. కలప నిలబెట్టడం ఇద్దరు చెయ్యాల్సిన పని. దూలం ఒకడు ఎత్తి పట్టుకోవాలి, ఒకడు కింద బిగించాలి. గుస్టావ్ ఒక్కడే ఎత్తి ఒక్కడే బిగిస్తున్నాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు, గనివాడి కూతురు ఆమె.

ఆ తరవాత నాన్న ఇరవై రెండేళ్లు బతికాడు. ఒక్క ఆట స్కోరు అడగలేదు. రేడియో పెడితే లేచి కుందేళ్ల గూడు దగ్గరికి పోయేవాడు. హెల్ముట్ ఆదివారాలు ఆట చూసొచ్చి మామగారి ముందు నోరు మెదపలేక, వంటింట్లో నాకు చెప్పి నా ప్రాణం తీసేవాడు. మూడో బావి మూతపడింది, ఆ కిటికీ గదిని పడగొట్టారు. నాన్న చూడ్డానికి కూడా రాలేదు.

చివరికి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో ఆసుపత్రిలో పడ్డాడు. ఒకరోజు మధ్యాహ్నం, "ఎవాల్డ్‌ని పిలుచుకురా. నాకు ఒకటి బాకీ ఉన్నాడు" అన్నాడు.

ఎవాల్డ్ వచ్చాడు. జుట్టంతా నెరిసింది, మెడ మాత్రం అదే. మంచం పక్కన టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పరా" అన్నాడు నాన్న.

"ఏం చెప్పను, బ్రూనో మామా?"

"ఆ రోజు ఆట. ఐదింటికి వచ్చి చెప్పాలి కదా, రాలేదు."

ఎవాల్డ్ నా వైపు చూశాడు. నేను సంచిలోంచి కుట్టు డబ్బా తీసి, పదకొండు బొత్తాలు లెక్కపెట్టి భోజనం బల్ల మీద పోశాను. వాడు కుర్చీ లాక్కుని వాటిని పరిచాడు. మాట ఎక్కడా తడబడలేదు. ఎవరు ఎటు తన్నారు, ఎవరు జారిపడ్డారు, ఎడమ పక్క కుర్రాడు ఎక్కడ నిలబడ్డాడు, నిమిషం నిమిషం ఇరవై రెండేళ్లు దాచుకుని తెచ్చి అప్పజెప్పాడు. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"అప్పుడు బంతి కుడి గీత దగ్గర ఉంది" అన్నాడు ఎవాల్డ్. బొత్తాం మీద వేలు ఆగింది. "అప్పుడు ఇర్మా పిలిచింది."

నాన్న కళ్లు తెరిచాడు.

"గుస్టావ్ చేతికి కట్టు ఉందిరా ఆ రోజు" అన్నాడు నాన్న. "కుడి చెయ్యి. కిటికీలోంచి చూశాను. ఒంటి చేత్తో దూలం ఎలా ఎత్తుతాడు? చూసి కూడా రెండు బిళ్లలు ఇచ్చాను. డోర్ట్‌ముండ్ వాళ్లతో ఆట కదా, వినాలనిపించింది."

ఈ మాట నేను వినడం అదే మొదటిసారి. కోపం రావాలి, రాలేదు. ఏడుపొచ్చింది.

"నేనూ చూశాను మామా" అన్నాడు ఎవాల్డ్. "అందుకే గేటు దగ్గరికి వచ్చాను, నేను దిగుతాలే అన్నాను. వాడేమో పోరా, బెణికింది అంతే, వెళ్లి చూసొచ్చి చెప్పు అన్నాడు. రెండోసారి అనలేదు నేను. ఒక్కసారే అన్నాను."

నాన్న చెయ్యి చాచి వాడి చెయ్యి పట్టుకున్నాడు. తరవాత నాన్న అడిగాడు, "ఇంతకీ ఎవరు గెలిచార్రా?"

"తెలియదు మామా. ఎవర్నీ అడగలేదు."

నాన్న నా వైపు తిరిగాడు. నేనూ తల అడ్డంగా ఊపాను. బయట వరండాలో నీలం మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన ఒకడు గోడకానుకుని కూర్చున్నాడు. ఆ వయసు వాడికి తెలియకుండా ఉండదు, ఒక్క మాట అడిగితే చెప్పేవాడు.

నేను లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, బొత్తాలు ఏరి డబ్బాలో పెట్టుకున్నాను.